సక్కుబాయి దవడ పన్ను

ఏడాదిగా ఆ పన్ను సక్కుబాయి ప్రాణం తోడేస్తోంది. పీకించుకుందామని రెండు దవాఖానలకు పోయింది. రెండుసార్లూ పెదవులు బూరెల్లా పొంగి, పన్ను పన్నుగానే తిరిగొచ్చింది. మత్తు సూది పడదన్నారు డాక్టర్లు. కాదు, వంకాయ పడదంది అత్త మల్లమ్మ. ఆవిడ పట్టిన కుందేటికి మూడే కాళ్లు. ఆ రోజు నుంచి సక్కుబాయికి వంకాయ బంద్. ఇంటిల్లిపాదీ గుత్తివంకాయ లొట్టలేసుకుంటూ తింటుంటే, ఈమెకు చారన్నం. ఎంత ఒళ్లు మండాలి మనిషికి?

మాదాపూర్‌లో కొత్తగా లేచిన కంప్యూటర్ల భవనంలో తుడిచే పని దొరికింది. మొదటిరోజే రబ్బరు గ్లౌజులిచ్చారు. మధ్యాహ్నానికి చేతుల నిండా దద్దుర్లు. గ్లౌజులు తీసేస్తే సాయంత్రానికి తగ్గాయి. డాక్టర్లు తన నోట్లో పెట్టిన వేళ్లకూ అవే గ్లౌజులు ఉన్నాయని సక్కుబాయికి అప్పుడు తట్టింది.

మర్నాడే శేరిలింగంపల్లిలో పళ్ల డాక్టర్ రాజరాజేశ్వరి ముందు కూర్చుంది.

“మొదటిపారి సూది గుచ్చకముందే నా మూతి ఉబ్బుడు షురువైంది డాక్టరమ్మా. రెండోపారి సూది ఇయ్యనే లేదు, అయినా ఉబ్బింది. నాకు పడనిది గ్లౌజులే.”

“నేనెక్కడా అలా చూడలేదమ్మా. పెద్దాసుపత్రికి రాసిస్తాను, అక్కడికి వెళ్లండి.”

“యాడికీ పోను. జర ఆ గ్లౌజు ముక్క నా చెయ్యి మీద పెట్టుండ్రి. ఏం కాకుంటే నేనే లేచిపోత.”

డాక్టరమ్మ కాసేపు తటపటాయించింది. చివరికి విరుగుడు మందు పక్కన పెట్టుకుని, ముక్క కత్తిరించి మణికట్టు మీద ఉంచింది. పది నిమిషాల్లో అక్కడ ఎర్రగా దద్దు లేచింది. డాక్టరమ్మ ముక్క తీసి, చెయ్యి కడిగింది.

“మీరే కరెక్టండి. మేమే తప్పు చెప్పాం.”

సక్కుబాయి కళ్లు చెమర్చాయి. ఏడాదిలో ఆమె మాట నిజమన్న మొదటి మనిషి ఆవిడే.

సోమవారం పొద్దున్నే రమ్మంది డాక్టరమ్మ. రబ్బరు గ్లౌజుల్లో చల్లే పౌడరు కూడా ఆమెకు పడదని, అది గాల్లో లేవకముందే మొదటి పేషెంట్‌గా కూర్చోబెట్టింది. కోఠీ నుంచి తెప్పించిన ప్లాస్టిక్ గ్లౌజులు వేసుకుంది. ఇచ్చింది మాత్రం అదే మత్తు సూది. పన్ను ఊడింది, మూతి ఉబ్బలేదు.

బయట కాచుకుని ఉన్న మల్లమ్మ కోడలి మొహాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

“నేను చెప్పలే? వంకాయ బంద్ పెట్టినందుకే వాయలే.”

సక్కుబాయి నోట్లో దూది ఉంది. ఎదురుగా ఉన్న కూరగాయల బండి దగ్గరికి నడిచి, లేత వంకాయలు ఏరి ఏరి కిలో తూయించింది. తెచ్చి అత్త ఒళ్లో పోసింది.