సాబు వెనక్కి చూడలేదు

"సినిమా తీయవోతే పో. రొట్టెలెవరు చేస్తరు?"

ఆదివారం పొద్దున మా ఆయన రాజారాం అడిగిన మొదటి మాట అది. అప్పటికే పన్నెండు జొన్నరొట్టెలు చేసి గుడ్డలో చుట్టాను. పప్పు దించాను. అత్తమ్మ స్నానానికి నీళ్లు తోడాను. ఆయన బూట్లకు పాలిష్ కూడా పెట్టాను. రొట్టెల బుట్ట మూత తీసి చూపించాను. "సరే" అన్నారు, నాకేదో సెలవు మంజూరు చేసినట్టు.

నాందేడ్‌లో ఆడపిల్లల బడిలో చరిత్ర చెబుతాను. ఆ ఏడు, అంటే ఎనభై ఒకటిలో, పూనా సంస్థ ఒకటి మా బడికి చిన్న సినిమా కెమెరా, ఐదు రీళ్లు పంపింది. మీ ఊరి పెద్దవాళ్లు ఎక్కడినుంచి వచ్చారు, తెల్లవాళ్ల రోజుల గురించి వాళ్లకేం గుర్తుంది అనే దాని మీద పిల్లలూ టీచరూ కలిసి సినిమా తీసి పంపాలి. ఒక్కో రీలు మూడు నిమిషాలు. మాట రికార్డు కాదు. మాటలు నోటుబుక్కులో రాసుకుని, బొమ్మ చూపించేటప్పుడు చదవాలి. నాలుగు రీళ్లు అయిపోయాయి. మిగిలిన ఒక్కటీ సోమవారం పోస్టులో పడాలి.

నన్ను 'బాయీ' అని పిలిచే పదో తరగతి పిల్లలు మంగళ, మీరా ఊరంతా తిరిగి చివరికి మా ఇంటికే వచ్చారు, మా అత్తమ్మ రత్నమ్మ కోసం. ఆమె పన్నెండేళ్లప్పుడు జగిత్యాల దిక్కునుంచి మామగారి వెంట ఈ ఊరొచ్చింది. మామగారు ట్రాలీమన్. తెల్ల ఇంజనీరు గొడుగు కింద బల్ల మీద కూర్చుని పట్టాలు చూసుకుంటూ పోతుంటే, వెనకనుంచి ఇద్దరు ఉత్త కాళ్లతో పట్టా మీదే ఉరుకుతూ ఆ ట్రాలీని నెట్టాలి.

"పదిహేనేండ్లు నూకిండు బిడ్డా," అని అత్తమ్మ పిల్లలకు చెప్పింది. "ఆ సాబుకు మా ఆయన పేరు గూడ తెల్వదు. 'ఏయ్' అంటుండె. గంతే."

ఇప్పుడు ఆ బల్ల మీద కూర్చునేది ఆమె కొడుకే. పట్టాల ఇన్‌స్పెక్టరు. తండ్రి ఏం చేసేవాడని క్వార్టర్లలో ఎవరడిగినా "రైల్వేలనే" అని మాట మార్చేస్తారు. చివరి రీలు ట్రాలీ మీంచి తీస్తామంటే, ఇస్తానని ఒప్పుకున్నప్పుడు ఒకటే షరతు పెట్టారు: "నాయిన ముచ్చట రావద్దు. నలుగురు చూసేది." నేను మాట్లాడలేదు. దాన్ని ఆయన ఒప్పుకోలు అనుకున్నారు. ఇరవై ఏళ్లుగా అంతే. ఆయన తనిఖీ రిపోర్టులన్నీ నేనే మంచిగా తిరగరాస్తాను. ఒకసారి ఇంటికొస్తూనే, "నా రాత ముత్యాలట, పెద్దసాబు అన్నడు," అని మురిసిపోతూ చెప్పి, ఇంకో కట్ట నా ముందు పెట్టారు. నేను నవ్వాను. ఆయన మురిపెం చూస్తే నిజంగానే నవ్వొచ్చింది. ఆ తర్వాత కూర్చుని కట్టంతా రాశాను.

సాయంత్రం నాలుగింటికి స్టేషన్ పక్క లైను, సైడింగ్ మీద ట్రాలీ సిద్ధంగా ఉంది. ఐదింటికి అక్కడికి వ్యాగన్లు వస్తాయి. ఆ లోపల అయిపోవాలి. ట్రాలీమన్లు దేవన్న, హన్మంతు నిలబడ్డారు. అత్తమ్మ తుమ్మచెట్టు నీడన కూర్చుంది.

"కెమెరా ఇటియ్యి," అన్నారు ఆయన. "నా సీటేనాయె. నేను తీస్త. నువ్వు చెయ్యి వణికిస్తవు."

నెల రోజులుగా ఈ చేతుల్తోనే నాలుగు రీళ్లు తీశాం. నేను వెళ్లి బల్ల మీద కూర్చున్నాను. మంగళ పక్కన ఎక్కింది. ఆయన చాచిన చెయ్యి కాసేపు అట్లాగే ఉంది.

"నడువుండ్రి," అన్నాను.

దేవన్న రెండడుగులు వేసి ఆగిపోయాడు. పొద్దున దిగిన ముల్లు వల్ల కాలు బాగా వాచింది. మీరా నోటుబుక్కు పక్కన పెట్టి "నేను నెడతా బాయీ" అంటూ పట్టా ఎక్కి, ఎక్కిన క్షణంలోనే జారి కంకరలో కూర్చుంది. టైము నాలుగూ ఇరవై.

చెట్టు కిందినుంచి అత్తమ్మ గొంతు వచ్చింది. "నువ్వు ఉరుకరాదురా రాజా? చిన్నప్పుడు సద్ది తీస్కపోయి, మీ నాయిన వెంట పట్టా మీదనే ఉరుకుతుంటివి గద!"

హన్మంతు నోరు తెరుచుకుని ఆయన వైపు చూశాడు. ఆయన మొహం ఎర్రబడింది. నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించారు.

"రావద్దన్న గద ఈ ముచ్చట. నువ్వు సరే అంటివి."

"నేను సరే అనలే. ఊకున్న, గంతే," అన్నాను. "సినిమాల ఆయన పేరుంటది."

 హన్మంతు అందుకున్నాడు: "సాబ్, నిజంగనే పట్టా మీద ఉరుకుతరా? నాకు నమ్మకం లేదు."

ఆయన వాడి వైపు ఉరిమి చూశారు. తర్వాత వంగి, నేను పాలిష్ పెట్టిన బూట్లు విప్పి పట్టాల పక్కన జోడుగా పెట్టారు.

"రాసుకో బిడ్డా," అన్నారు మీరాతో, దుమ్ము దులుపుకుంటున్న పిల్ల మొహం చూడకుండా. "సీతారాం. మా నాయిన."

దేవన్న చోటులో ఆయన పట్టా ఎక్కి, హన్మంతుతో కలిసి నెట్టారు. ట్రాలీ కదిలింది. సాబు చూసినట్టే ముందుకు తీయాలని పిల్లలూ నేనూ ముందే అనుకున్నాం: పట్టాలు, పొలాలు, గోదావరి వైపు ఆకాశం. కానీ సాబు పదిహేనేళ్లు చూసిందీ అదే కదా. నేను బల్ల మీద వెనక్కి తిరిగి, మోకాళ్ల మీద కూర్చుని మీట నొక్కాను. కెమెరా కంటిలో మా ఆయన. నలభై ఆరేళ్ల మనిషి, పాదం తరవాత పాదం, వేలెడు వెడల్పు ఇనుము మీద ఒక్కసారి కూడా తడబడకుండా. చెమట కారుతోంది. ముందు సిగ్గుపడ్డారు. కాసేపటికి మర్చిపోయారు. ఆ తర్వాత, పదేళ్ల పిల్లాడిలా నవ్వారు. చెట్టు కింద అత్తమ్మ చప్పట్లు కొడుతోంది.

సిగ్నల్ స్తంభం దగ్గర కెమెరా చప్పుడు మారింది. రీలు అయిపోయింది. మంగళ నా చెవి దగ్గర "బాయీ!" అంది.

"అయిపోయిందా?" ఆయన రొప్పుతూ అడిగారు.

నేను కెమెరా దించలేదు.

"ఇంకొంచెం దూరం," అన్నాను.