బాపు చెవుల కేసు

మా బాపు యోబు మిలటరీలో ఫిరంగుల దగ్గర పదకొండేళ్లు చేశాడు. రెండు చెవులూ అక్కడే వదిలేసి చిన్నకోడూరుకు తిరిగొచ్చాడు. ఈ చెవుడుకూ నౌకరీకీ సంబంధం లేదని రాసి, పెన్షన్ ఇవ్వకుండా ఒట్టి చేతులతో పంపేశారు. ఇక్కడ వాచ్‌మన్‌గా పెట్టుకున్నవాళ్లు, గేటు బయట హారన్ కొట్టినా వినబడట్లేదని మూడు చోట్ల తీసేశారు. ఇప్పుడు నన్ను కన్న అవ్వ కైకిలి కూలికి పోతేనే మా పొయ్యి వెలుగుతుంది.

అప్పీలుకు వకీలును వెతికే పని కూతుర్నని నా మీద పడింది. సిద్దిపేట కోర్టు దగ్గరుండే చంద్రశేఖర్‌కు భూమి కేసుల్లో మంచి పేరు. ఫైలు తాడు కూడా విప్పకుండా బాపు భుజం తట్టి, "ఫికర్ చెయ్యకు యోబన్నా, గెలిచినట్టే అనుకో" అన్నాడు. బాపుకు ఒక్క ముక్క వినబడలేదు. అయినా చక్కగా తలూపాడు. వినబడలేదని చచ్చినా ఒప్పుకోడు. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె.

కాగితం చూడకుండా గెలిపించే వకీలు నాకొద్దు. అడగ్గా అడగ్గా హైదరాబాదులో రత్నాకర్ గారని ఒకాయన దొరికారు. ఒకప్పుడు మిలటరీలో చేసినాయనే, ఇలాంటి కేసులే వాదిస్తారు. ప్రతి కాగితం చదివి, బాపుకు ఎదురుగా కూర్చుని, పెదవులు కనబడేలా నిదానంగా అడిగారు.

"ఏటేటా చెవి పరీక్షల పాసయినవ్ గదా. ఎట్ల?"

బాపు తల దించుకున్నాడు. చెప్పిన సంగతి నాకూ అప్పటిదాకా తెలియదు. పరీక్ష గదికి గాజు కిటికీ ఉండేదట. చెవుల్లో శబ్దం వినబడ్డప్పుడల్లా వేలెత్తాలి. అవతల బటన్ నొక్కే మనిషి భుజం కదలడం చూసి బాపు వేలెత్తేవాడట. చెవులు పోయాయని తెలిస్తే ఫిరంగి దగ్గర్నుంచి తీసేస్తారని భయం. పన్నెండో ఏట గది మారింది, గాజు లేదు. దొరికిపోయాడు.

"మస్తుమంది గిట్లనే చేస్తరు," అన్నారు రత్నాకర్ గారు. "నీ చెవులు మల్ల చూసేటందుకు డాక్టర్లతోని కొత్తగ మెడికల్ బోర్డు పెట్టుమని అడుగుదాం. గదొక్కటే దారి. గాడ మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాలె."

బయటికొచ్చి మెట్ల మీదే ఏడ్చాను. అన్నేళ్లకు మాకూ ఒక మనిషి దొరికాడని, సరైన వకీలునే పట్టానని మురిసిపోయాను. ఆయన ఏడాదిన్నర కొట్లాడి బోర్డు పెట్టించారు. ఇదే ఆఖరుదని కూడా చెప్పారు.

బోర్డు రోజు బాపు బూట్లకు పాలిష్ చేసుకున్నాడు. ఎందుకన్నా వినలేదు. పరీక్ష గది తలుపు దగ్గర ఆపి, నా పెదవులు కనబడేలా నిలబడి చెప్పాను.

"బాపూ, కండ్లు మూసుకో. వినబడితేనే వేలెత్తు."

తలూపి లోపలికి పోయాడు. పావుగంట తర్వాత వచ్చాడు. నుదురంతా చెమట. నేను అడగకముందే చెప్పాడు.

"గాజున్నది బిడ్డా. కండ్లు మూసుకుందామనే అనుకున్న. బటన్ నొక్కే గాయిన భుజం కదిలింది. చెయ్యి దానంతటదే లేచింది."

"ఎన్నిసార్లు?"

నా పెదవులు చదివి, బూట్ల వంక చూసుకున్నాడు. "అన్నిసార్లూ."

అక్కడే గోడకు తల కొట్టుకోవాలనిపించింది. ఆయన్ని తిట్టాలనిపించింది. తిడితే మాత్రం వినబడుతుందా? లోకం మొత్తం మీద తన చెవుడును అంత బాగా దాచుకోగల మనిషి మా బాపు ఒక్కడేనేమో. వినికిడి బాగానే ఉందని బోర్డు రాసిచ్చింది.

రత్నాకర్ గారు ఆ రిపోర్టు రెండుసార్లు చదివారు. ఫైలుకు తాడు కట్టి నా చేతిలో పెట్టారు.

"నాతోని ఇగ కాదు తల్లీ. నీకు ఉత్త ఆశ పెట్టలేను."

ఆయన మీద కోపం తెచ్చుకుందామన్నా తప్పు దొరకలేదు. ఇంటికి పోయి అవ్వకు ఏం చెప్పాలో తెలియలేదు. మర్నాడు చిన్నకోడూరు నుంచి ఆటోలో సిద్దిపేట పోయి చంద్రశేఖర్ ముందు కూర్చున్నాం. అతను ఫైలు తాడు విప్పలేదు. బాపు భుజం తట్టాడు.

"ఫికర్ చెయ్యకు యోబన్నా, గెలిచినట్టే అనుకో."

బాపు తలూపాడు. పక్కన కూర్చుని నేనూ తలూపాను.