మామగారి ముందు పొగగొట్టం

మేంగ్ గురువుగారి మోకాళ్ళు అరిగిపోవడంతో, తాలింఖానా ఎవరికైనా అప్పగిస్తానన్నారు. పోటీకి ఇద్దరమే. నేను ఆరో తరగతితో బడి మానేసి, ముప్పై ఏళ్ళుగా ఆ నేల తుడిచినవాణ్ణి. గు తేమున్ కాలేజీ చదివి, నిన్నగాక మొన్న వచ్చినవాడు. ఊరంతా వాడి పక్షమే. చదువుకున్నవాడు గెంతినా అందమే కదా.

మాది పొగాకు గొట్టంతో చేసే సాము. జానెడున్నర వెదురు కాడ, చివర ఇత్తడి గిన్నె. కూర్చుని పొగ తాగేవాడి మీదికి ఎవడైనా వస్తే ఆ గొట్టంతోనే మణికట్టు విరగ్గొట్టడం. అందుకే పందెం కూడా గొట్టం వెలిగించి, నోట్లో పెట్టుకునే మొదలవ్వాలి. ఎదుటివాడి నుదురు ముందు తాకించినవాడిదే గెలుపు. గురువు ముందు పొగ తాగడానికి మాకు ఆయన అనుమతి ఉంది. తక్కిన పెద్దల ముందు తాగితే మా దేశంలో తల ఎత్తుకోలేం.

నిజంగా తలపడితే నేను ఓడిపోతాను. అందుకే పందెం రోజు పొద్దున్నే బస్సెక్కి, ఎండుచేపల కట్ట పట్టుకుని తేమున్ మామగారి ఊరెళ్ళాను.

"అల్లుడు గెలుస్తుంటే చూడవా తాతా?"

"నువ్వెవడివిరా?"

"వాడికి అన్నలాంటివాణ్ణి."

వెంటబెట్టుకొచ్చి తాలింఖానా పక్క గదిలో కూర్చోబెట్టి, నేను దగ్గితే రమ్మన్నాను.

ఇద్దరం గొట్టాలు వెలిగించాక గురువుగారు "ఊఁ" అన్నారు. తేమున్ రాజులా పొగ వదిలాడు. నేను దగ్గాను.

"ఏమయ్యా అల్లుడూ!"

వాడి మొహం గోడవైపు తిరిగిపోయింది. మండుతున్న గొట్టం నడుంపట్టీలో దోపేశాడు. నేను తీరిగ్గా వంగి నుదుటి మీద టక్కుమనిపించాను.

"మంట! మంట!" అని వాడు గెంతుతుంటే సాము నేర్చే పిల్లలు తాగడానికి పెట్టుకున్న బార్లీ నీళ్ళు పోశారు.

"అన్నా, ఇది దొంగాట!"

"మామగారి ముందు పొగ తాగిన అపకీర్తి తప్పించాన్రా నీకు."

గురువుగారు నవ్వాపుకుని, "తాకించింది తాకించినట్టే. తాలింఖానా ప్యో గిల్సుది" అని నన్ను చూపించారు.

ముసలాయన చెవి రిక్కించాడు. "ప్యోనా? సిన్‌చాంగ్ ఊరి ప్యో వంశమేనా? మీ తాత పేరేంట్రా?"

చెప్పాను. ఆయన వేళ్ళు మడిచి తరాలు లెక్కపెట్టాడు.

"ఇంకేం! నాదీ ఆ వంశమే. వరసకి నేను నీకు ముత్తాతని."

నా చేతిలోని గొట్టం దానంతటదే వీపు వెనక్కి పోయింది.

"మీ ఆట బావుందిరా మునిమనవడా. ఇంట్లో కోడలి పోరు పడలేకున్నా. రేపట్నుంచి రోజూ వస్తా."

అన్నమాట తప్పలేదు. మూడు నెలలుగా తొమ్మిదింటి బస్సుకే దిగి ముందు వరసలో కూర్చుంటున్నాడు. తాలింఖానా నాదే. గొట్టం వెలిగించే మొదటి పాఠం మాత్రం మరుగుదొడ్డి వెనక చెబుతున్నాను. తేమున్ అక్కడికీ వస్తాడు, నవ్వుకుంటూ.