మేడమీద ఉన్నాడు

డెలవేర్ నది ఒడ్డున వుడ్‌నట్ వారి ఇటుకల ఇల్లు ఊరందరికీ ఆనవాలు. గోడ మీద నల్ల ఇటుకలతో ఆ ఇంటి ఇల్లాలు కెజయా మామగారి పేరులోని తొలి అక్షరాలూ, 1734 అన్న అంకెలూ పేర్చి ఉండేవి. క్వేకర్లనే క్రైస్తవ శాఖవారి ఇల్లు. ఆ గడపలో పుట్టినవాళ్ళు తుపాకీ పట్టరు, ఒట్టు వెయ్యరు, అబద్ధమాడరు.

కెజయా కొడుకు సైలస్ మాత్రం తుపాకీ పట్టాడు. అమెరికాను ఏలే ఇంగ్లండు రాజుగారి సైన్యం మీద తిరగబడ్డవాళ్ళలో కలిశాడు. క్వేకర్ల సంఘం వాణ్ణి వెలివేసింది. ఆ మార్చిలో గుండు తగిలి కుడిచెయ్యి నుజ్జయి, కాలిపోయే ఒంటితో తల్లి గుమ్మంలో వచ్చి పడ్డాడు. వెలివేసింది సంఘమే గాని తను కాదంటూ ఆమె వాణ్ణి మేడమీద పడుకోబెట్టింది. వైద్యుడొచ్చి మణికట్టు దాకా చెయ్యి తీసేశాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం రాజుగారి ఎర్రకోట్ల సిపాయిలు ఇల్లు చుట్టుముట్టారు. వాళ్ళ నాయకుడు తన పేరు కెప్టెన్ హాలిడే అని చెప్పి, తిరుగుబాటువాళ్ళెవరైనా లోపల ఉన్నారా అని అడిగాడు. లేరు అంటే సరిపోయేది. ఆ మాట నోట్లోంచి ఊడిపడలేదు.

"ఉన్నాడు. నా కొడుకే. మేడమీద ఉన్నాడు, వచ్చి చూడు హాలిడే."

పక్కనున్న సార్జెంటుకు ఒళ్ళు మండింది. "కెప్టెన్ గారిని పట్టుకుని పేరు పెట్టి పిలుస్తావేంటి?"

"రాజుగారొచ్చినా అంతే నాయనా. మేం దేవుణ్ణయినా నువ్వనే పిలుస్తాం."

హాలిడే ఒక్కడే మెట్లెక్కాడు. కెజయా కమ్మీ పట్టుకుని వెనకే వెళ్ళింది. అతను దుప్పటి తొలగించి కట్టు చూశాడు, నుదుటి మీద చెయ్యి వేశాడు. ఏ చేతివాటం అని అడిగాడు. కుడి, అంది.

"ఇవాళ పదిళ్ళు తిరిగానమ్మా. పదిళ్ళలోనూ ఎవరూ లేరనే అన్నారు. నాలుగిళ్ళలో దొరికారు." దుప్పటి మళ్ళీ కప్పాడు. "వీడిక తుపాకీ పట్టలేడు. ఉండనీ."

కిందికి దిగి, లోపల రోగి తప్ప ఎవరూ లేరని చెప్పి మనుషుల్ని తీసుకుపోయాడు.

గుర్రాల చప్పుడు ఆగాక కెజయా మెట్టు మీద కూలబడింది. గదిలోంచి సైలస్ నీరసంగా అన్నాడు.

"తీసుకుపోయుంటేనో అమ్మా?"

"నేనూ వెంట వచ్చేదాన్ని. నోరు మూసుకుని పడుకో."

సాయంత్రానికి వాడికి చెమట పట్టింది. జ్వరం దిగింది. ఆకలన్నాడు. మొక్కజొన్న జావలో పాలు పోసి తెచ్చింది. తనే తింటానని ఎడంచేత్తో చెంచా ఎత్తి సగం గడ్డం మీద ఒలకబోసుకున్నాడు. ఆమెకు నవ్వాగలేదు. వాడూ నవ్వాడు. రెండో చెంచా సూటిగా నోట్లోకే వెళ్ళింది.