పెద్దాయన కుర్చీ

మా మ్యూజియంలో ఒకనాటి పెద్ద నాయకుడి చక్రాల కుర్చీ ఉంది. కాళ్లు పడిపోయాక ఆయన ఒంటి కొలతలకు తగ్గట్టు చేయించినది. మా ఆఫీసరు దాని మీద ఈగ వాలనివ్వడు. కదలకుండా ఉంటే బరువంతా ఒకేచోట పడి టైర్ల రబ్బరు పగులుతుందట. అందుకని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చక్రాలను కాస్త తిప్పి పెట్టడం నా పని. కూర్చునే మనిషి పోయి ఎన్నేళ్లయినా కుర్చీకి ఆ మర్యాద తప్పదు.

ఆ రోజు మధ్యాహ్నం ఆఫీసరు దగ్గరికి వెళ్లాను.

"ఒక్కసారి ఇంటికెళ్లొస్తాను సార్. మా ఆయన మంచం మీదున్నాడు కదా, పక్కకి తిప్పి పడుకోబెట్టాలి."

"అందరూ ఇలా ఇళ్లకి పోతే ఇక్కడెవరమ్మా చూసేది?" అన్నాడు తలెత్తకుండానే. "ఇంతకీ కుర్చీ తిప్పావా?"

"తిప్పాను సార్."

సాయంత్రం ఇల్లు చేరేసరికి మా ఆయన పొద్దున నేను పడుకోబెట్టినట్టే వెల్లకిలా ఉన్నాడు. పక్కకి తిప్పబోతే దుప్పటి వీపు మీది పుండుకు అంటుకుని ఊడి రాలేదు. తడిగుడ్డతో నానబెడుతూ కూర్చున్నాను. ఆయన పళ్లు బిగబట్టి, రోజూ అడిగేదే అడిగాడు.

"మీ కుర్చీ ఎలా ఉంది?"

"నిక్షేపంగా ఉంది," అన్నాను. "ఎక్కడా చిన్న పగులైనా లేదు."