సాగర్ రోడ్ బీట్స్

రోజూ పొద్దున తొమ్మిదిన్నరకు ప్రసన్నకుమార్ చేతిసంచీ పట్టుకుని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌కు బయల్దేరేవాడు. అతను సందు మలుపు తిరగకముందే అతని ఛాతీలోంచి బేస్ గిటార్ వినబడేది. దుమ్, దుదుమ్, కాస్త ఆగి మళ్ళీ దుమ్. బత్తాయిలమ్మే ఈరమ్మ అది విని నాలుగు మంచి కాయలు పక్కకు తీసిపెట్టేది. బస్సెక్కితే పక్క సీట్లో వాళ్ళు తెలియకుండానే కాలు ఆడించేవాళ్ళు. అసలు గిటార్ ఎప్పుడో పోయింది. 1989లో అతను బేస్ వాయించే బ్యాండ్ మూతపడ్డ నెలలోనే ఆ వాయిద్యం అతని ఒంట్లో చేరింది. డాక్టరు స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విని, "మీ గుండెకేం ఢోకా లేదు, శ్రుతి కూడా బాగుంది" అని బీపీ మాత్ర రాసిచ్చాడు.

ఆ చప్పుడు వింటే కళ్ళల్లో నిప్పులు పోసుకునే మనిషి ఒక్కడే ఉన్నాడు, జానయ్య.

జానయ్యది నల్లగొండ పక్క పల్లె. బస్ డిపోలో మెకానిక్, ఎల్.బి.నగర్‌లో కాపురం. 'సాగర్ రోడ్ బీట్స్'లో పదకొండేళ్ళు డ్రమ్స్ వాయించాడు. బ్యాండులో మొత్తం అయిదుగురు. పెళ్ళిళ్ళు, వినాయక మండపాలు, కాలేజీ ఫంక్షన్లు. మొదటి రెండు గంటలు సినిమా పాటలే. జనం ఇళ్ళకు పోకుండా కాచుకు కూర్చునేది మాత్రం చివరి అరగంట కోసం. అప్పుడు ఫంక్ మొదలయ్యేది. లాలాగూడలో రైల్వే ఆంగ్లో-ఇండియన్ల డాన్సులప్పుడు స్టేజీ వెనక నిలబడి ప్రసన్నకుమార్ నేర్చుకొచ్చిన విద్య అది. పాట తక్కువ, దరువు ఎక్కువ. మొదటి దెబ్బ మీద అయిదుగురూ కలిసి పడాలి. తర్వాత ఎవరి దారిన వాళ్ళు తిరిగి, మళ్ళీ మొదటి దెబ్బకు అందరూ ఇల్లు చేరాలి. ముసలివాళ్ళు కూడా కండువా నడుముకు కట్టుకుని లేచేవాళ్ళు.

తర్వాత అన్ని వాయిద్యాలూ ఒక్క కీబోర్డులోనే వచ్చేశాయి. ఆ వెనకే డీజే డబ్బాలొచ్చాయి. అయిదుగురూ చెదిరిపోయారు. కానీ ఏ పెళ్ళికి పోయినా జుట్టు నెరిసినవాడెవడో ఒకడు జానయ్యను గుర్తుపట్టేవాడు.

"మీ బ్యాండే బ్యాండన్నా! ఇప్పటోళ్ళకేం తెలుసు? అవుగని, గా బేస్ వాయించే సారు ఎట్లున్నడు?"

"మంచిగనే ఉన్నడు. డ్రమ్స్ నేను వాయించేది."

"అవునా? డ్రమ్స్ గూడ ఉండెనా?"

ఆ రోజు జానయ్య విస్తరి ముందు కూర్చోకుండానే ఇంటికి వచ్చేసేవాడు. డిపోలో బస్సు కింద పడుకున్నప్పుడు నూనె చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని వినేవాడు. అందరికీ కొట్టుకున్నట్టే లబ్ డబ్ అని కొట్టుకునేది, అంతే. పదకొండేళ్ళు ఇద్దరూ పక్కపక్కనే చెమటలు కక్కారు. ఆ పాట వాడి ఒంట్లోకే ఎందుకు పోవాలి?

2011 సెప్టెంబరులో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు డిపో గేటు దాటలేదు. ఎల్.బి.నగర్ చౌరస్తా దగ్గర టెంటు వేశారు. జానయ్య అటక మీది డ్రమ్స్ దించి, తోళ్ళు బిగించి టెంటు కింద పెట్టాడు. నాలుగో రోజుకు జనం రోడ్డు దాకా నిండిపోయారు. శిబిరం నడిపే కుర్ర లెక్చరర్ మధు, "జానన్నా, నువ్వు లేకుంటే ఈ టెంటుకు జానే లేదే" అని భుజం చరిచాడు. భార్య కౌసల్యమ్మ సద్ది తెచ్చి, గుంపులో నిలబడి, మొగుణ్ణి కొత్తగా చూసింది. జానయ్యకు జన్మకు చాలిన సంతోషం దొరికింది.

అది అయిదో రోజు మధ్యాహ్నం దాకే. వాయిస్తుండగానే అతని దరువు దానంతట అదే సర్దుకుంది. తలెత్తి చూడకుండానే కారణం తెలిసింది. రోడ్డవతల చాయ్ బండి దగ్గర ప్రసన్నకుమార్ నిలబడి ఉన్నాడు. ఏళ్ళ తర్వాత స్నేహితుడి డ్రమ్స్ మోగుతున్నాయని ఎవరో చెబితే వినడానికొచ్చాడు. అంతమంది కేకల్లోనూ అతని ఛాతీలోని బేస్ నేల మీదుగా పాకి వచ్చింది. ఆడేవాళ్ళ నడుములు మారిపోయాయి. జనం మొహాలు ఒక్కొక్కటే చాయ్ బండి వైపు తిరిగాయి.

మధు వంగి చెవిలో అడిగాడు. "అన్నా, గా బేస్ ఎవరిది? జబర్దస్త్ ఉంది. లోపటికి పిలుద్దామా?"

"ఆంధ్రాయన," అన్నాడు జానయ్య. "మనం ఏం చేస్తున్నమో చూసి అవతలోళ్ళకు చెప్పనీకి ఒచ్చిండు."

మాట నోరు దాటాక గాని అది తన నోట్లోంచి వచ్చిందని అతనికే తెలియలేదు. తెనాలి నుంచి తండ్రి వెంట పదేళ్ళ వయసులో వచ్చినవాడు ప్రసన్నకుమార్. ఆ సంగతి జానయ్యకు తెలుసు. మధు మొహం బిగుసుకుంది. ముగ్గురు కుర్రాళ్ళు రోడ్డు దాటి వెళ్ళారు. చెయ్యి చేసుకోలేదు, దండమే పెట్టారు. "సార్, మీరు ఈడికెళ్ళి పోండ్రి." ప్రసన్నకుమార్ వాళ్ళ తలల మీదుగా జానయ్య వైపు చూశాడు. జానయ్య వంగి, బిగువుగానే ఉన్న కంచు తాళం మరను బిగించసాగాడు. తల ఎత్తేసరికి బేస్ ఆగిపోయింది.

మర్నాటి నుంచి ఆ చప్పుడు ఎవరికీ వినబడలేదు. ఈరమ్మ తీసిపెట్టిన బత్తాయిలు బుట్టలోనే వాడిపోయాయి. ఇక్కడ టెంటులో జానయ్య దరువు కాళ్ళకు అడ్డం పడసాగింది. ప్రతిసారీ మొదటి దెబ్బ వెంట్రుకవాసి ముందే పడేది. ఆడేవాళ్ళు ఒకరినొకరు గుద్దుకునేవాళ్ళు. మూడో రోజు మధు నొచ్చుకుంటూనే, "జర రెస్ట్ తీస్కో అన్నా" అని డీజే డబ్బా తెప్పించాడు.

అక్టోబరులో ఒక పొద్దున జానయ్య ప్రసన్నకుమార్ ఇంటికి నడిచి వెళ్ళాడు. అతని భార్య విజయదుర్గ తలుపు తీసింది. హాలు నిండా అట్టపెట్టెలు.

"ఏంది చెల్లె, ఇవన్నీ?"

"ఇవాళ మధ్యాహ్నమే బయల్దేరుతున్నాం అన్నయ్యగారూ. విజయవాడలో మా అన్నయ్యావాళ్ళ దగ్గరికి." గొంతు తగ్గించింది. "ఆ చప్పుడంటే నాకూ కుళ్ళేనండీ. నాతో మాట్లాడుతూనే సగం దాంతో ఉండేవారు. ఆగిపోతే నా మనిషి నాకు మిగులుతాడనుకున్నాను. ఇప్పుడు నాతోనూ మాట్లాడట్లేదు."

ప్రసన్నకుమార్ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. జానయ్య ఎదురుగా నేల మీద కూలబడ్డాడు.

"నేనే చెప్పిన ప్రసన్నా. అబద్ధం చెప్పిన."

"తెలుసు."

"కోపం లేదా?"

"ఎందుకు లేదు? ఉంది. నువ్వెప్పుడూ తొందరపడతావు జానయ్యా. పదకొండేళ్ళు నిన్ను వెనక్కి లాగి పట్టుకున్నాను. జనానికి అది తెలియలేదు. నీకైనా తెలిసిందనుకున్నాను."

జానయ్యకు తెలియలేదు. ఆ క్షణం దాకా నిజంగానే తెలియలేదు. పక్కనున్న అట్టపెట్టె మీద వేళ్ళతో దరువు మొదలుపెట్టాడు. మొదటి దెబ్బ ముందే పడింది. ఆపాడు. మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ ముందే పడింది. మూడోసారి చెయ్యి లేపి, దించకుండా గాలిలోనే పట్టుకుని, ఆగాడు. ఆ ఆగినచోట, దుమ్, దుదుమ్.

విజయదుర్గ ఆత్రంగా భర్త వైపు చూసింది. అతను తల అడ్డంగా ఊపి జానయ్యను చూపించాడు. తర్వాత లేచి వచ్చి, జానయ్య చొక్కా మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని విన్నాడు.

"నాదే," అన్నాడు. "ఆ చివర జారుడు నాదే."

"తీస్కో ప్రసన్నా. నీది నీకే కావాలె."

"నేను రమ్మంటే వచ్చిందా, పొమ్మంటే పోవడానికి? ఉండనీ." క్షమించానని మాత్రం అనలేదు.

మధ్యాహ్నం జానయ్యే సామాను కారులోకి ఎక్కించాడు. కారు సందు దాటాక తిన్నగా టెంటుకు వెళ్ళాడు. అతను దగ్గరికి వస్తుంటేనే మధు లేచి రోడ్డు వైపు చూశాడు.

"గాయిన మళ్ళొచ్చిండానే?"

"లేదు. ఇది నా లోపల్నుంచి ఒస్తుంది. కని నాది గాదు, ప్రసన్నకుమార్‌ది. ఆయన దేన్నీ చూసి చెప్పనీకి రాలే మధూ. నా డ్రమ్స్ విందామని ఒచ్చిండు. మీరందరు ఆయన దిక్కే తిరిగిన్రని కడుపు మండి గట్ల అన్న."

డీజే డబ్బా ఎవరో ఆపేశారు. మధు జేబులోంచి ఫోను తీశాడు. ఈసారి అన్నా అని పిలవలేదు. చెయ్యి చాపి, "ఆయన నంబరియ్యి" అన్నాడు.

పెద్ద అంబర్‌పేట్ దాటిన కారులో ఫోను మోగింది. మధు టెంటు బయటికి పోయి, ఎండలో నిలబడి, తల వంచుకుని మాట్లాడాడు. అవతలి నుంచి ఏం జవాబొచ్చిందో జానయ్యకు వినబడలేదు. కర్రలు ముట్టుకోకుండా డ్రమ్స్ వెనక నేల మీద కూర్చుని, తన ఛాతీలో మోగుతున్న బేస్‌లో ప్రసన్నకుమార్ ఎంత బాగా వాయిస్తాడో మొదటిసారి పూర్తిగా విన్నాడు.