చలి గదిలో రెండో పూత

జిలానీ బాషా మోకాళ్ల మీద కూర్చుని, నీళ్లు పోయే గొట్టం చుట్టూ బొటనవేలు నొక్కి చూస్తున్నాడు. నిన్న వేసిన రెండో పూత వేలికి అంటలేదు. చేతిలోని గీకుడు రేకు అంచు తగలగానే మాత్రం పాల మీద మీగడలా జరిగిపోయింది. అడుగంతా పచ్చి.

పంతొమ్మిదేళ్లుగా తెల్లవారుజామున అబుదాబి శివారు మఫ్రఖ్ లేబర్ క్యాంపులో బస్సెక్కి చేస్తున్న పని ఇదే. కొత్త బిల్డింగుల్లో బాత్రూం నేలకీ, గోడల అడుగుకీ నీళ్లు దిగని రబ్బరు పూత వెయ్యడం. పైన టైల్స్ పడ్డాక ఆ పని ఎవడికీ కనపడదు, చేసినవాడూ గుర్తుండడు. ఎండలో అలవాటైన చెయ్యి అతనిది. వేలికి అంటకపోతే మరో పూత వేసెయ్యడమే. కానీ ఇది జనం టిక్కెట్టు కొని మంచులో ఆడుకోవడానికి అబుదాబిలో కడుతున్న హాలు. ట్రయల్ అంటూ కూలింగ్ మిషన్లు ముందే తిప్పారు. బయట నలభై ఆరు డిగ్రీలు, ఈ బాత్రూంలో నాలుగు. చలిలో పూత పైన ఎండి లోపల పచ్చిగా ఉంటుందని కడప జిల్లా మనిషికి ఎవడు చెప్పి చచ్చాడు గనక!

రేపో ఎల్లుండో ఇందులో నీళ్లు నింపి రెండు రోజులు ఉంచుతారు. గోడ మీది పెన్సిలు గీత కన్నా నీళ్లు తగ్గితే వీసా క్యాన్సిల్ అని ఫోర్‌మన్ ప్రమోద్ చెప్పేశాడు. ఊరికి పోవడానికి జిలానీకి భయం లేదు. కానీ భార్య పీరాంబీ ఇక్కడే అబుదాబిలో ఒక ఇంట్లో వంట చేస్తుంది. వీసా ఇచ్చి తెచ్చుకున్న ఆమె యజమాని, కఫీల్, ఇంకా రెండేళ్లు వదలడు. ఆదివారం ఆమెకి రెండు గంటల సెలవు. ఆ రెండు గంటల కోసమే ఇద్దరూ వారమంతా ఈడుస్తున్నారు.

ప్రమోద్ లోపలికి వస్తూనే జారిన పూత చూశాడు. ఎవరు వేశారని అడగలేదు. దగ్గరున్న హెల్పరు అంజిబాబు కాలరు పట్టుకుని తల గోడకేసి కొట్టాడు. అంజిబాబు రాజోలు మనిషి, నోట్లో నాలుక లేనివాడు. రెండోసారి కొట్టబోతుండగా జిలానీకి అరికాలి మంట నెత్తికెక్కింది. పూత కలిపే ఇనప కడ్డీ తీసి భుజం మీద ఒకటి, మూతి మీద ఒకటి ఇచ్చాడు. ప్రమోద్ పన్ను ఊడి నేల మీద పడింది. నెత్తురు పూతలోకి కారింది. కింద పడ్డవాణ్ని కూడా డొక్కలో తన్నాడు. అంజిబాబు నడుం పట్టుకుని వెనక్కి లాగకపోతే చంపేసేవాడే.

"వేసింది నేను," అన్నాడు జిలానీ రొప్పుతూ. "కొడితే నన్ను కొట్టాల."

ప్రమోద్ మూతి తుడుచుకున్నాడు. పోలీసుల్ని పిలిస్తే తను ముందు చెయ్యి చేసుకున్న సంగతీ బయటపడుతుంది.

"సాయంత్రం వరకు ఎండాలె," అన్నాడు. "లేకుంటే రేపే ఖలాస్. ఊరికి పో."

జిలానీ పూతంతా నెత్తురుతో సహా గీకి పారేశాడు. గోళ్ల కింద చర్మం లేచింది. మధ్యాహ్నానికి పలచగా కొత్త పూత వేసి, స్టోరు నుంచి గ్యాసు హీటరు ఈడ్చుకొచ్చాడు. వెచ్చదనం పోకుండా గుమ్మానికి ప్లాస్టిక్ పట్టా కట్టాడు, ఫ్యాను కంతకి టేపు అంటించాడు. పంతొమ్మిదేళ్ల గల్ఫ్‌లో హీటరు ముట్టించిన పాపాన పోలేదు. మూసిన గదిలో అది మండితే గాలే విషమవుతుందని అతనికి తెలియదు. పూత మీద కన్నేసి తను గుమ్మం లోపలే కూర్చుంటానని, రొట్టెలు తెమ్మని అంజిబాబుని పంపాడు.

అంజిబాబు వచ్చేసరికి జిలానీ గోడకి ఆనుకుని నిద్రపోతున్నట్టున్నాడు. మొహం ఎర్రగా, ఆరోగ్యంగా కనిపించింది. భుజం తడితే పక్కకి ఒరిగాడు.

పోలీసులు వచ్చి రాసుకుని, శవాన్ని తీసుకెళ్లారు. కాగితాలవగానే ఊరికి పంపిస్తామని కంపెనీ చెప్పింది. శుక్రవారం బాత్రూంలో నీళ్లు నింపారు. ఆదివారం పొద్దున నీళ్లు గీత మీదే ఉన్నాయి. ప్రమోద్ వాచిన మూతితో సంతకం పెట్టాడు.

వంట చేసే ఇంట్లో పీరాంబీకి ఫోను చేతికిచ్చేది ఆదివారమే. ఆమెకెవరూ చెప్పలేదు. ఆ సాయంత్రం పార్కులో బెంచీ మీద కూర్చున్న ఆమె ముందు నిలబడి అంజిబాబు అంతా చెప్పాడు. చెబుతూ ఏడ్చాడు. ఆమె ఏడవలేదు.

"నీళ్లు దిగినాయా?" అంది.

"లేదు వదినా. ఒక్క చుక్క కూడా దిగలేదు."

"మరి ఆయప్పనెందుకు పంపిస్తాండారు?"

రోడ్డు మీద ఆమె పనిచేసే ఇంటి డ్రైవరు రెండుసార్లు హారను కొట్టాడు. పీరాంబీ లేచి, కొంగు సర్దుకుని, వెనక్కి చూడకుండా కారెక్కింది. బెంచీ మీద జిలానీకని తెచ్చిన, మూత తియ్యని స్టీలు డబ్బా ఉండిపోయింది, ముట్టుకుంటే ఇంకా వేడిగానే ఉంది.